డ్రై క్లీనింగ్‌కి ఎకో షాపా, మామూలు షాపా: నేను ఎలా తేల్చుకున్నానంటే

మా ఇంట్లో నీళ్లలో ఉతకడానికి భయపడే బట్టలు కొన్నే: ఉన్ని కోటు, సూట్లు, పూసల పనితనం ఉన్న పట్టు బట్టలు. అన్నీ ఏళ్లుగా ఒకే షాపులో ఇస్తున్నాం, పని బాగానే చేస్తారు. కాకపోతే బట్టలు తెచ్చి పెట్టిన వారం దాకా బీరువా తలుపు తీస్తే చాలు, తియ్యగా ఘాటుగా ఒక వాసన ముక్కుకు కొట్టేది. ఆ గదిలోనే మా చిన్నది పడుకుంటుంది. అందుకే అసలు ఆ వాసన దేనిదో తెలుసుకుని, అవసరమైతే షాపు మార్చేద్దామని గట్టిగా అనుకున్నా.

అది పెర్క్ వాసన. పూర్తి పేరు పెర్‌క్లోరోఇథిలీన్. మామూలు డ్రై క్లీనింగ్‌లో నీళ్లకి బదులు దశాబ్దాలుగా వాడుతున్న ద్రవం ఇదే, ఎందుకంటే నిప్పంటుకోదు, జిడ్డుని ఇట్టే కరిగిస్తుంది, 121 డిగ్రీల దగ్గర మరుగుతుంది కాబట్టి ఆవిరి చేసి చల్లార్చి మళ్లీ మళ్లీ వాడుకోవచ్చు. కానీ ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం దీన్ని 2ఏ గ్రూపులో పెట్టింది, అంటే మనుషులకు క్యాన్సర్ తెచ్చే అవకాశం బాగా ఉన్నదని. నీటికంటే బరువైనది కావడంతో నేలలోకి కారితే భూగర్భ జలాల అడుగు దాకా దిగిపోతుంది, దాన్ని బయటికి తీయడం మహా కష్టం. కాలిఫోర్నియాలో 2023 నుంచి డ్రై క్లీనింగ్ షాపుల్లో దీన్ని వాడనివ్వడం లేదు. ఎప్పుడో ఒకసారి కోటు వేసుకునే నాకంటే, రోజంతా ఆ మెషీన్ పక్కనే నిలబడి పనిచేసేవాళ్లకి ప్రమాదం ఎన్నో రెట్లు ఎక్కువ. అది చదివాక నిజంగా మనసు పాడైంది.

సరే, పర్యావరణానికి హాని తక్కువని చెప్పుకునే ఎకో షాపులకి వెళ్లా. మొదటి షాపులో కౌంటర్ దగ్గరున్న అబ్బాయి "అంతా ఆర్గానిక్ అండీ, కెమికల్స్ ఏమీ ఉండవు" అన్నాడు. మరి దేంతో శుభ్రం చేస్తారు అని అడిగితే లోపలికి వెళ్లి కనుక్కుని వచ్చి హైడ్రోకార్బన్ అని చెప్పాడు. అది పెట్రోలియం నుంచి తీసేదే. పెర్క్ అంత విషం కాదు, బట్టల మీద మెత్తగా పనిచేస్తుంది, కానీ మండే గుణం ఉంది, గాలిలో కలిసే ఆవిర్లూ ఉంటాయి. అందుకే బోర్డు చూసి నమ్మకుండా ఏ ద్రవం వాడతారో పేరు అడగాలి. కొన్నిచోట్ల డీ5 అనే సిలికాన్ ద్రవం వాడతారు, వాసన ఉండదు, కానీ యూరప్ 2018లో దాన్ని ప్రకృతిలో విరిగిపోకుండా చాలా కాలం నిలిచిపోయే, జీవుల ఒంట్లో పేరుకునే పదార్థాల జాబితాలో చేర్చింది. ద్రవ కార్బన్ డయాక్సైడ్ మంచి పద్ధతే కానీ ఆ మెషీన్లకి విపరీతమైన ఒత్తిడి కావాలి, ఖరీదెక్కువ, పెట్టినవాళ్లు అరుదు.

నాకు నచ్చింది వెట్ క్లీనింగ్. నీళ్లతోనే, కానీ ఇంట్లో మెషీన్‌లా కాదు. డ్రమ్ము చాలా నెమ్మదిగా తిరుగుతుంది, నీళ్లు, వేడి, సబ్బు అన్నీ బట్టని బట్టి కొలిచి పెడతారు, పూర్తిగా ఎండకముందే తీసేసి ఆవిరి పట్టే బొమ్మకి తొడిగి, లాగి పట్టి ఆకారానికి తెస్తారు. అలా చేసే ఒక షాపు ఆవిడ నా కోటు అందుకుని ముందు లైనింగ్ తిరగేశారు. లోపలి కుట్టు దగ్గర తడిపిన తెల్లగుడ్డ గట్టిగా అదిమి, రంగు అంటిందేమోనని వెలుతురులో పెట్టి చూశారు. అంటలేదు. తర్వాత సూటు చూసి మాత్రం "ఇది నేను తీసుకోనండీ, లోపల జిగురుతో అతికించిన గుడ్డ ఉంది, తడిస్తే ఉబ్బుతుంది" అన్నారు. వచ్చిన పనిని వద్దని చెప్పిన ఆ మాటతోనే ఆవిడ మీద నమ్మకం కుదిరింది.

లేబుల్ చదవడం కూడా ఆవిడే చెప్పారు. వలయంలో పీ ఉంటే పెర్క్ వాడొచ్చు, హైడ్రోకార్బన్ కూడా వాడొచ్చు. ఎఫ్ ఉంటే హైడ్రోకార్బనే, పెర్క్ వద్దు. డబ్ల్యూ ఉంటే వెట్ క్లీనింగ్. వలయం కింద గీత ఉంటే మెల్లగా చేయమని అర్థం. నా సూటు మీద ఉన్నది పీ, అంటే దాన్ని నిక్షేపంగా హైడ్రోకార్బన్ షాపులో ఇవ్వొచ్చు! ఈ సంగతి తెలిశాక సగం టెన్షన్ పోయింది. పూసల పట్టు బట్టలూ అక్కడికే, ఎందుకంటే కొన్ని రకాల ప్లాస్టిక్ పూసలు పెర్క్‌లో కరిగిపోతాయి.

పాత షాపాయనతో కూడా మాట్లాడా, చెప్పకుండా మానేయడం నాకు ఇష్టం లేదు. ఆయన ఏమీ దాచలేదు. సరిగ్గా ఆరిన బట్టకి వాసన రాకూడదని, వస్తోందంటే ద్రవం ఇంకా మిగిలి ఉందని, అలాంటప్పుడు తిరిగి తెచ్చిస్తే మళ్లీ ఆరబెట్టి ఇస్తానని చెప్పారు. వేరే దారి లేక ఇంకా పెర్క్ షాపులోనే ఇస్తున్నవాళ్లు ఇది తప్పకుండా అడగండి, ఇంటికి తేగానే ప్లాస్టిక్ కవర్ తీసేసి గాలి ఆడే చోట వేలాడదీయండి.

కోటు వెట్ క్లీనింగ్ నుంచి వచ్చింది. కొలతల్లో తేడా లేదు, మెడ దగ్గర చెమట మరక పూర్తిగా పోయింది, పాత షాపులో అది ఎప్పుడూ పూర్తిగా వదల్లేదు. చెమట, పళ్లరసం లాంటివి నీళ్లకి పోయినట్టు సాల్వెంట్లకి, అంటే పెర్క్, హైడ్రోకార్బన్ లాంటి ద్రవాలకి పోవు, జిడ్డుకైతే సాల్వెంట్లే నయం. అందుకే ఇప్పుడు ఎక్కడ ఇచ్చినా మరక ఎక్కడుందో, దేనిదో చూపించి ఇస్తున్నా. ముఖ్యంగా తీపి పానీయాలు ఒలికినచోటు ఆరిపోయాక కంటికి కనబడదు, అలాగే ఇస్త్రీ వేడి తగిలితే గోధుమరంగుకి తిరిగి కూర్చుంటుంది, ఆ తర్వాత ఏ షాపువాళ్లకైనా దాన్ని వదిలించడం కష్టమే.