13 గడుల పట్టిక

మా అపార్ట్‌మెంట్‌లో ఏ, బి అని రెండు బ్లాకులున్నాయి. ఎవరికి ఏ బ్లాకులో ఇల్లు రావాలన్నది ఎనిమిదేళ్ళ క్రితం బిల్డరు చీట్లు తీయించి నిర్ణయించాడు. ఒకే షామియానా కింద కూర్చుని చీటీ తీసుకున్న మేమే ఇప్పుడు "బి బ్లాకువాళ్ళ సంగతి మీకు తెలియదండీ" అని మాట్లాడుకుంటున్నాం.

పోయిన నెల సర్వసభ్య సమావేశానికి రెండు ప్రతిపాదనలు వచ్చాయి. రెండు డాబాల మీదా సోలార్ ప్యానెళ్ళు పెడితే మా బ్లాకు ఉమ్మడి కరెంటు బిల్లు నెలకు సుమారు 7 వేలు, నీడ పడని డాబా ఉన్న బి బ్లాకు బిల్లు 10 వేలు తగ్గుతుంది. మా డాబా మీద మాత్రమే చిన్నది పెట్టుకుంటే మాకు తగ్గేది 4 వేలు, వాళ్ళకు ఏమీ ఉండదు. ఇళ్ళ సంఖ్య మాది ఎక్కువ కాబట్టి రెండోదే నెగ్గింది. దానికి చెయ్యెత్తినవాళ్ళలో నేనూ ఉన్నాను.

ఆ రాత్రి ఎం.ఏ. సైకాలజీలో చదువుకున్న ఒక పట్టిక గుర్తుకొచ్చి నిద్ర పట్టలేదు. సామాజిక మనస్తత్వవేత్త హెన్రీ తాజ్‌ఫెల్ ఇంగ్లండులోని బ్రిస్టల్ నగరంలో 14, 15 ఏళ్ళ బడిపిల్లలతో చేసి 1970లో ప్రచురించిన ప్రయోగంలోనిది అది. క్లీ, కాండిన్‌స్కీ అనే ఇద్దరు చిత్రకారుల బొమ్మలు చూపించి, ఎవరికి ఎవరి బొమ్మలు నచ్చాయో దాన్నిబట్టి రెండు జట్లు చేశామని పిల్లలకు చెప్పారు. నిజానికి ఆ విభజన ఇష్టాయిష్టాలతో సంబంధం లేకుండా జరిగింది. తన జట్టులో ఎవరున్నారో ఏ పిల్లవాడికీ తెలియదు. ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టి, అంకె గుర్తుతో మాత్రమే తెలిసే ఇద్దరికి డబ్బుగా మారే పాయింట్లు పంచమన్నారు. పంచేవాడికి స్వంతంగా దక్కేది ఏమీ లేదు.

అలాంటి ఒక పట్టికలో 13 గడులున్నాయి. ఒక చివర తన జట్టువాడికి 7, అవతలివాడికి 1. మధ్యలో ఇద్దరికీ 13. మరో చివర తనవాడికి 19, అవతలివాడికి 25. తనవాడి మేలు ఒక్కటే కోరేవాడైతే 19 ఉన్న గడిని ఎంచుకోవాలి, ఎందుకంటే ఇద్దరికీ గరిష్ఠంగా దక్కేది అక్కడే. కాని పిల్లల ఎంపికలు 7-1 ఉన్న వైపుకే బలంగా మొగ్గాయి. అవతలివాడు వెనకబడి ఉండడం కోసం తమవాడి లాభాన్ని వదులుకోవడానికి కూడా వాళ్ళు సిద్ధపడ్డారు. న్యాయంగా పంచాలన్న ఆలోచన వాళ్ళలో లేకపోలేదు. ఇదే వరుసలోని మొదటి ప్రయోగంలో, ఇద్దరూ ఒకే జట్టువాళ్ళైనప్పుడు పిల్లలు దాదాపు సమానంగానే పంచారు.

తాజ్‌ఫెల్‌కు ఈ ప్రశ్న ఎక్కడినుంచి వచ్చిందో తెలిస్తే ఈ ప్రయోగం మరింత బరువుగా అనిపిస్తుంది. ఆయన 1919లో పోలండ్‌లో పుట్టిన యూదుడు. ఫ్రెంచి సైన్యంలో చేరి 1940లో జర్మన్లకు చిక్కి, తాను ఫ్రాన్సుకు చెందిన యూదుడినని చెప్పుకుని యుద్ధఖైదీగా బతికాడు. పోలండ్ యూదుడని తెలిసి ఉంటే కావలివాళ్ళతో ఎంత మంచిగా మెలిగినా ప్రాణం దక్కేది కాదు. యుద్ధం ముగిసేసరికి ఆయన కుటుంబంలో దాదాపు ఎవరూ మిగల్లేదు. మనిషి గుణం కంటే అతనికి తగిలించిన పేరే ప్రాణాలు నిర్ణయించడం అనుభవించినవాడు కాబట్టే, పాత పగలు, స్వార్థం, ముఖపరిచయం అన్నీ తీసేసి పేరు ఒక్కటే మిగిల్చినా పక్షపాతం పుడుతుందా అని అడగగలిగాడని నేను నమ్ముతాను.

మా సమావేశంలో మరొకటి కూడా జరిగింది, నన్ను ఎక్కువగా బాధపెట్టేది అదే. మా బ్లాకులోనే ఉండే ఒక పెద్దావిడ లేచి "మనకే నష్టం కదమ్మా" అని మొదలుపెట్టి, చుట్టూ చూసి, మాట పూర్తి చేయకుండా కూర్చున్నారు. 1950ల్లో సాలమన్ యాష్ అనే మనస్తత్వవేత్త గీతల పొడవు పోల్చమని అడిగిన ప్రయోగాల్లో, ముందే కూడబలుక్కున్న గుంపు తప్పు జవాబు చెబుతుంటే, అసలు విషయం తెలియని వ్యక్తులు ఇచ్చిన జవాబుల్లో సుమారు మూడో వంతు ఆ గుంపునే అనుసరించాయి. పక్కన ఒక్కరు నిజం చెప్పినా ఆ లొంగుబాటు బాగా తగ్గిపోయింది. ఆవిడకు ఆ ఒక్కరు కావలసింది నేను. ఆవిడ చెప్పింది సరైనదని తెలిసే ఊరుకున్నాను.

మర్నాడు సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళి క్షమించమని అడిగాను. "పోనీలే అమ్మా, మళ్ళీ పెట్టిద్దాం" అన్నారు. వచ్చే ఆదివారం పునఃపరిశీలనకు ఇద్దరం కలిసి అర్జీ ఇచ్చాం. చేతులెత్తించకుండా చీటీల మీద రహస్యంగా రాయించాలని కోరాం. లెక్కల కాగితంలో బ్లాకులవారీ అంకెలు తీసేసి మొత్తం ఆదా 17 వేలని మాత్రమే వేద్దామని మొదట అనుకున్నాను. కాని ఇరుగుపొరుగుల దగ్గర అంకెలు దాచడానికి మనసొప్పక 7నూ, 10నీ అలాగే ఉంచి, వాటికి పైన 17ను పెద్ద అక్షరాలతో రాశాను.