హెచ్‌బీ కాలమ్ నుంచి రక్తహీనత కాలమ్ దాకా

గుంటూరు మిర్చి పనివాళ్లలో, అంటే తొడిమలు తీసే ఆడవాళ్లలో, బస్తాలు మోసే హమాలీల్లో రక్తహీనత ఎంతుందో చూసిన ఒక పీజీ థీసిస్ మాస్టర్ చార్టు నా దగ్గరికి వచ్చింది. ఎక్సెల్‌లో 400 పైచిలుకు వరుసలు. అందరూ 15 ఏళ్లు దాటినవాళ్లే. వయసు, సెక్స్, గర్భం, ఎత్తు, బరువు, రెండుసార్లు తీసిన హెచ్‌బీ (రక్తంలోని హిమోగ్లోబిన్) రీడింగులు ఉన్నాయి. ముఖ్యంగా కావాల్సింది ఒక కొత్త కాలమ్: రక్తహీనత లేదు, స్వల్పం, మధ్యస్థం, తీవ్రం. ఎస్‌పీఎస్‌ఎస్ అనే గణాంకాల సాఫ్ట్‌వేర్‌లో కమాండ్లు రాయడానికి పావుగంట పట్టింది. ఖాళీ గడుల సంగతి తేల్చడానికి రెండు సాయంత్రాలు పట్టింది.

ముందు హద్దులు కాగితం మీద రాసుకున్నాను. డబ్ల్యూహెచ్‌వో 2011 పట్టిక ప్రకారం డెసిలీటరుకు మగవాళ్లకు 13 గ్రాములు, గర్భిణి కాని స్త్రీకి 12, గర్భిణికి 11 కంటే తగ్గితే రక్తహీనత. ఆ హద్దు నుంచి కిందికి 11 దాకా స్వల్పం, 11 లోపు 8 దాకా మధ్యస్థం, 8 లోపు తీవ్రం. గర్భిణికి మాత్రం ఈ మెట్లు 10, 7. 2024 మార్గదర్శకాల్లో గర్భం రెండో త్రైమాసికానికి హద్దు 10.5కి దించారు. ఈ థీసిస్ ప్రోటోకాల్‌లో పాత పట్టికే ఉంది కాబట్టి అదే వాడాను. మధ్యలో పట్టిక మార్చేస్తే మెథడ్స్ అధ్యాయం ఒకటి, ఫలితాలు ఇంకొకటి చెబుతాయి.

తర్వాత శుభ్రం చేయడం. హెచ్‌బీ కాలమ్ నంబరుగా రావాల్సింది స్ట్రింగ్‌గా (అక్షరాలుగా) వచ్చింది. కారణం మూడే గడులు: ఒకచోట చుక్కకు బదులు కామా, ఒకచోట అంకె పక్కన ‘గ్రా’, ఒకచోట ‘శాంపిల్ ఇవ్వలేదు’ అన్న మాట. ఇంపోర్ట్ సెట్టింగును బట్టి ఒక్కోసారి కాలమ్ నంబరుగానే వచ్చేసి, ఇలాంటి గడులు మాత్రం చడీచప్పుడు లేకుండా ఖాళీ అయిపోతాయి. ఎర్రర్ వచ్చేదానికంటే అదే ఎక్కువ ప్రమాదం. అందుకే ఎక్సెల్‌లోనే ఫిల్టర్ పెట్టి, బాణం నొక్కి, జాబితా అడుగుదాకా చూస్తాను. అక్షరాలన్నీ అక్కడే బయటపడతాయి.

ఆ జాబితాలోనే 99 కూడా కనపడింది. రీడింగు తీయని చోట 99 కొట్టారు. మన కంటికది ‘లేదు’ అని అర్థం, సాఫ్ట్‌వేర్‌కు మాత్రం 99 గ్రాముల హెచ్‌బీ. రెండు రీడింగుల సగటు తీస్తే (99 + 11) / 2 = 55, ఆ మనిషికి రక్తహీనత లేనట్టే లెక్క. వేరియబుల్ వ్యూలో మిస్సింగ్ గడి తెరిచి 99 నమోదు చేశాకే సగటు జోలికి వెళ్లాను. సగటుకు కూడా రెండు దార్లున్నాయి. కూడి రెండుతో భాగిస్తే ఏ ఒక్కటి లేకపోయినా ఫలితం ఖాళీ. మీన్ ఫంక్షన్ అయితే ఉన్న ఒక్క రీడింగుతోనే సరిపెట్టుకుంటుంది. రెండూ తప్పనిసరి అయితే మీన్ పక్కన చుక్క పెట్టి 2 వేయాలి. ఇక్కడ ఒక్కటి ఉన్నా చాలన్నారు కాబట్టి మామూలు మీన్ వాడి, వచ్చిన కాలమ్‌కు హెచ్‌బీ అని పేరు పెట్టాను.

ఇక రీకోడ్, అంటే అంకెల్ని తరగతులుగా మార్చడం. ట్రాన్స్‌ఫామ్ మెనూలో ‘రీకోడ్ ఇంటూ సేమ్ వేరియబుల్స్’ అనేదాన్ని ముట్టుకోను. అసలు కాలమ్ మీదే కొత్త విలువలు రాసేస్తుంది, సేవ్ చేశామా, పాతది పోయినట్టే. ‘డిఫరెంట్ వేరియబుల్స్’లో కొత్త పేరు కొట్టాక పక్కనున్న ఛేంజ్ బటన్ నొక్కాలి. కొత్తగా నేర్చుకునేవాళ్లలో చాలామంది ఆగిపోయేది ఇక్కడే.

పట్టికలో అచ్చయిన అంకెల్ని ఉన్నదున్నట్టు ఎక్కిస్తే ఇంకో చిక్కుంది. 8 నుంచి 10.9 మధ్యస్థం, 11 నుంచి 11.9 స్వల్పం అని రాస్తే 10.95 ఎటూ కాకుండా పోతుంది. ఒక్క రీడింగయితే పర్వాలేదు, సగటు తీశాం కాబట్టి రెండో దశాంశం వస్తుంది. దీనికి మందు, హద్దుల్ని ఒకదాని మీద ఒకటి పడేలా రాసి పైనుంచి కిందికి పేర్చడం. రీకోడ్‌లో ముందు ఏది సరిపోతే అదే ఖాయం, తర్వాతివి చూడదు. కాబట్టి ముందు 12 నుంచి పైకి, తర్వాత 11 నుంచి 12, ఆ తర్వాత 8 నుంచి 11. సరిగ్గా 12 ఉన్నవాళ్లు మొదటి వరుసలోనే ఆగిపోతారు.

వీటన్నిటికంటే ముందు మిస్సింగ్ వరుస ఉండాలి. సగటు తీయని కాలమ్ అయితే, 99ని మిస్సింగ్‌గా నమోదు చేసినా ‘12 నుంచి హైయెస్ట్’ అంటే రీకోడ్ దాన్నీ కలిపేసుకుంటుంది. ‘ఆల్ అదర్ వాల్యూస్’ పెడితే ఉత్త ఖాళీలు కూడా అందులో పడిపోతాయి.

అసలు దెబ్బ తగిలింది షరతుల దగ్గర. మొదట ఇలా రాశాను: గర్భం 1 అయితే గర్భిణి హద్దులు, లేకపోతే సెక్స్ 2 అయితే స్త్రీ హద్దులు, లేకపోతే మగవాళ్ల హద్దులు. చదవడానికి ఏ తప్పూ లేదు. రన్ చేస్తే హమాలీలందరి గడులూ ఖాళీ! మగవాళ్లకు గర్భం కాలమ్ ఖాళీగా వదిలేశారు, వదిలేయడమే సబబు కూడా. అయితే షరతులు వరుసగా అడిగే డూ ఇఫ్ కమాండులో షరతు నిజమో అబద్ధమో తేలకపోతే ఎస్‌పీఎస్‌ఎస్ తర్వాతి ఎల్స్ ఇఫ్‌కు వెళ్లదు, ఏకంగా ఎండ్ ఇఫ్ దాటి బయటపడుతుంది. ఎర్రర్ రాదు, హెచ్చరిక రాదు.

సెక్స్‌ను షరతులో ముందుకు తెస్తే కుదిరింది. ‘సెక్స్ 2, గర్భం 1’ రెండూ కలిపి అడిగితే మగవాళ్ల విషయంలో మొదటి సగం అబద్ధం. అండ్‌లో ఒకటి అబద్ధమని తేలితే రెండోది ఖాళీ అయినా మొత్తం అబద్ధమే, కాబట్టి కిందికి దిగుతుంది. చివరికి నిలిచింది ఇది (రక్తం అన్నది కొత్త కాలమ్ పేరు; 0 రక్తహీనత లేదు, 1 స్వల్పం, 2 మధ్యస్థం, 3 తీవ్రం; సిస్‌మిస్ అంటే ఖాళీ గడి):

డూ ఇఫ్ (సెక్స్ = 2 అండ్ గర్భం2 = 1).
రీకోడ్ హెచ్‌బీ (మిస్సింగ్ = సిస్‌మిస్) (11 త్రూ హై = 0) (10 త్రూ 11 = 1) (7 త్రూ 10 = 2) (లో త్రూ 7 = 3) ఇంటూ రక్తం.
ఎల్స్ ఇఫ్ (సెక్స్ = 2 అండ్ గర్భం2 = 0).
రీకోడ్ హెచ్‌బీ (మిస్సింగ్ = సిస్‌మిస్) (12 త్రూ హై = 0) (11 త్రూ 12 = 1) (8 త్రూ 11 = 2) (లో త్రూ 8 = 3) ఇంటూ రక్తం.
ఎల్స్ ఇఫ్ (సెక్స్ = 1).
రీకోడ్ హెచ్‌బీ (మిస్సింగ్ = సిస్‌మిస్) (13 త్రూ హై = 0) (11 త్రూ 13 = 1) (8 త్రూ 11 = 2) (లో త్రూ 8 = 3) ఇంటూ రక్తం.
ఎండ్ ఇఫ్.
ఎగ్జిక్యూట్.

గర్భం2 ఎందుకంటే, పెద్దవయసు ఆడవాళ్లను ఆ ప్రశ్న అడగనే లేదు, వాళ్ల గడీ ఖాళీయే. అసలు కాలమ్‌కు నకలు తీసి, 50 దాటి గడి ఖాళీగా ఉన్న స్త్రీలకు మాత్రం 0 వేశాను. 28 ఏళ్ల అమ్మాయికి ఖాళీ ఉంటే ముట్టుకోలేదు. అక్కడ 0 వేయడం ఊహ అవుతుంది. ఆ వరుసల నంబర్లు రాసి థీసిస్ చేస్తున్న డాక్టరమ్మకు పంపితే కొన్ని కేస్ షీట్లలో సమాధానం దొరికింది, మిగతావి ఖాళీగానే ఉంచాం.

ఇదే పని వేరే సాఫ్ట్‌వేర్‌లో చేస్తే తప్పు వేరే చోట పుడుతుంది. స్టాటాలో ఖాళీ అంటే అన్ని అంకెలకన్నా పెద్దది, కాబట్టి ‘హెచ్‌బీ 12 కంటే ఎక్కువ’ అన్న షరతు ఖాళీ గడికి నిజమవుతుంది. రక్తం ఇవ్వనివాళ్లంతా ఆరోగ్యవంతుల ఖాతాలో చేరతారు. ఆర్‌లో ఇఫ్ఎల్స్ ఫంక్షన్ ఖాళీని ఖాళీగానే తెస్తుంది. కేస్ వెన్ ఫంక్షన్ మాత్రం తేలని షరతును దాటేసి కిందికి పోతుంది, చివర్లో ‘మిగతావన్నీ’ అని పెట్టుంటే అందులో కలుస్తుంది. పక్క సాఫ్ట్‌వేర్ అలవాటుతో ఇక్కడ రాస్తే ఇబ్బందే.

సరిచూసుకోవడానికి ఫ్రీక్వెన్సీ పట్టిక ఒక్కటే చాలదు. అనలైజ్ మెనూలో మీన్స్ తెరిచి, హెచ్‌బీని రక్తం తరగతుల వారీగా విడదీసి, ఆప్షన్స్‌లో మినిమమ్, మాగ్జిమమ్ కలిపాను. గర్భిణులకు, మిగతా స్త్రీలకు, మగవాళ్లకు విడివిడిగా తీయాలి. ఒక తరగతి మాగ్జిమమ్ పై తరగతి మినిమమ్‌ను తాకకూడదు.

బీఎంఐకి (ఎత్తుకు తగ్గ బరువు సూచిక) పెద్ద కథ లేదు: ఎత్తును 100తో భాగించి మీటర్లు చేసి, 18.5, 23, 25 హద్దులు పెట్టాను. ఒక్క జాగ్రత్త. కంప్యూట్ వేరియబుల్ డబ్బాలో కింద ఇఫ్ బటన్ వెనక పాత షరతు అలాగే ఉండిపోతుంది. ఇందాక స్త్రీలకని పెట్టినది రీసెట్ కొట్టకుండా వదిలేస్తే బీఎంఐ కూడా స్త్రీలకే వస్తుంది. ఓకే బదులు పేస్ట్ నొక్కి సింటాక్స్ విండోలో చూస్తే ఆ ఇఫ్ కంటికి ఎదురుగా ఉంటుంది.

అంతా అయ్యాక గైడ్ మేడమ్ నుంచి ఒక ప్రశ్న వచ్చింది. ఒక స్త్రీ హెచ్‌బీ 12.0 అని ఉంటే పక్కన స్వల్పం అని ఎందుకుంది? ఆమె రీడింగులు 11.8, 12.1. సగటు 11.95. డెసిమల్స్ గడిలో 1 ఉండటంతో తెర మీద 12.0గా కనపడింది. దాన్ని 2 చేసి పట్టిక మళ్లీ తీసిచ్చాను.