శాలిహుండం చూడాలంటే

శ్రీకాకుళం జిల్లాలో, వంశధార ఒడ్డున ఉన్న ఈ బౌద్ధారామాన్ని 1919లో గిడుగు వెంకట రామమూర్తి పంతులు గుర్తించారు. పొద్దున్నే వెళ్లండి. ఏటవాలు ఎండలోనే మొండిగోడల వరసలు తేటగా కనబడతాయి. మిట్టమధ్యాహ్నం అంతా ఒకటే ఎర్రమట్టి. మనిషికి రెండు లీటర్ల నీళ్లు కావాల్సిందే.

స్తూపం పునాదిలో బండిచక్రం ఆకుల్లా పరుచుకున్న ఇటుక గోడల్ని నింపాదిగా చూడండి. ఆకుల మధ్య మట్టి దట్టించి పైబరువు మోయించారు. అసలు మజా అంతా అక్కడే.

వానలు పడ్డాక గోడ అంచు తొక్కొద్దు. కింది మట్టి మెత్తబడి ఇటుకల వరస కదిలిపోతుంది. గడ్డిలో పాములుండొచ్చు, కర్రతో తడుతూ నడవాలి. చెప్పులు పనికిరావు, బూట్లే. పెంకుముక్కైనా జేబులో వేసుకోకండి: ఏ పొరలోదో తెలియకపోతే దాని కాలం చెప్పడం కష్టం. మ్యూజియంలో బౌద్ధ దేవతలైన తార, మారీచి విగ్రహాలున్నాయి. బౌద్ధంలోని తాంత్రిక శాఖ వజ్రయానం ఇక్కడిదాకా వచ్చిందనడానికి ఆనవాళ్లవే.