ఆవగింజంత పిట్టలు: నా మొదటి డీఎస్ఎల్ఆర్ కొనడానికి పట్టిన ఏడాది

పోయినేడాది జనవరిలో, చిల్కా సరస్సు ఒడ్డున పిట్టలు దిగే మంగళాజోడి వెళ్లొచ్చాక మా నాన్నకి ఫోటోలు చూపించాను. ఆయన కళ్లజోడు సర్దుకుని, ల్యాప్‌టాప్‌కి దగ్గరగా వంగి, చాలాసేపు చూసి "నీళ్లు బాగున్నాయమ్మా, పిట్టలేవీ?" అన్నారు. పిట్టలు ఉన్నాయి. ఒక్కో ఫోటోలో అరవై డెబ్బై ఉన్నాయి, కానీ ఆవగింజల్లా ఉన్నాయి. ఆ రోజే అనుకున్నాను, నాన్నకి పిట్ట కన్ను కనపడేలా ఒక్క ఫోటో అయినా తీయాలని.

మాది బరంపురం. ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా, ఉద్యోగం ఇచ్ఛాపురంలో బ్యాంకులో, రోజూ రైల్లో రాకపోకలు. చుట్టూ చూస్తే ఏం లేదని చెప్పండి? ఒకవైపు చిల్కా, ఇంకోవైపు రుషికుల్య నదీముఖంలో తాబేళ్లు, ఆస్కా దాటితే భేట్‌నోయి పొలాల్లో కృష్ణజింకలు, పర్లాకిమిడి వైపు మహేంద్రగిరి, ఇటు మన శ్రీకాకుళం జిల్లాలో తేలినీలాపురం గూడబాతులు. ఇంత పెట్టుకుని ఫోన్‌తో తీసుకుంటూ ఉండటం నాకు మనసొప్పలేదు.

ఆ జనవరి ఫోటోలు తీసింది విశాఖలో ఉన్న మా పెద్దనాన్నగారి అబ్బాయి ఇచ్చిన పాత డీఎస్ఎల్ఆర్ (లోపల అద్దం ఉండి, లెన్స్ మార్చుకోగలిగే కెమెరా), నికాన్ డి90తో. 2008 నాటి కెమెరా, దాంతో పాటు వచ్చిన 18-105 లెన్స్ (ఈ అంకెలు మిల్లీమీటర్లలో ఫోకల్ లెంగ్త్, అది పెరిగే కొద్దీ దూరంగా ఉన్నది దగ్గరగా కనిపిస్తుంది). ఊరికే ఇచ్చాడు, నేర్చుకోమని. ఫోన్ చేసి "అన్నయ్యా, మంచి కెమెరా కొనుక్కుంటాను, ఏది కొనమంటావు" అని అడిగితే "ముందు ఏ పిట్టని, ఎంత దూరం నుంచి తీస్తావో చెప్పవే, కెమెరా సంగతి తర్వాత చూద్దాం" అన్నాడు. అప్పుడు నాకు అది సమాధానం దాటేయడంలా అనిపించింది. అసలు సమాధానం అదే అని అర్థమవడానికి నాకు ఇంకో మూడు నెలలూ, కొన్ని వేల రూపాయలూ పట్టాయి.

ఫిబ్రవరిలో షాపుకి వెళ్లాను. అక్కడ చూపించింది కొత్తగా మొదలుపెట్టేవాళ్ల కోసం ఉండే చిన్న బాడీ (లెన్స్ లేకుండా కెమెరా ఒక్కటే), 18-55, 70-300 రెండు లెన్సులూ కలిపి ఒకే పెట్టెలో. చూడ్డానికి బాగుంది, చేతిలో తేలిగ్గా ఉంది. మెగాపిక్సెళ్లు 24 అని రెండుమూడు సార్లు చెప్పారు. నేను కొనేసేదాన్నే, కానీ ఆ రోజు కార్డు ఇంట్లో మర్చిపోయాను. ఇంటికొచ్చి రాత్రి పుస్తకం తీసి లెక్క వేశాను. బ్యాంకు వాళ్లం కదా, లెక్క వేస్తే గానీ నమ్మకం కుదరదు. ఈ లెక్క నాకు చాలా పనికొచ్చింది కాబట్టి వివరంగా చెప్తాను.

నికాన్ చిన్న సెన్సర్ (లోపల వెలుగు పడి ఫోటో తయారయ్యే పలక) కెమెరాల్లో, అంటే ఏపీఎస్-సి వాటిల్లో, సెన్సర్ వెడల్పు సుమారు 23.5 మిల్లీమీటర్లు. పిట్ట ఉన్న దూరాన్ని 23.5తో గుణించి లెన్స్ ఫోకల్ లెంగ్త్‌తో భాగిస్తే ఆ దూరంలో ఫోటోలో ఎంత వెడల్పు పడుతుందో వస్తుంది. సూదితోక బాతు ఇరవై మీటర్ల దూరంలో ఉందనుకోండి. 105 ఎంఎం దగ్గర నాలుగున్నర మీటర్ల వెడల్పు పడుతుంది. బాతు తోకతో కలిపి అర మీటరు పైచిలుకు. అంటే ఫోటోలో ఎనిమిదో వంతు. డి90 ఫోటో వెడల్పు 4288 పిక్సెళ్లు, అందులో బాతుకి దక్కేది ఐదొందల చిల్లర. ఇక కన్ను ఎక్కడ కనపడుతుంది? 300 ఎంఎంకి పడే వెడల్పు మీటరున్నర, బాతు మూడో వంతు. 500 ఎంఎంకి మీటరు కూడా లేదు, బాతు సగం పైన నిండుతుంది. అదే లకుముకి పిట్ట అయితే, మన మామూలు చిన్నది, ఒంటిమీద నీలం మెరిసేది, అది జానెడు కూడా ఉండదు, పది మీటర్ల దగ్గర కూర్చున్నా 300కి ఐదో వంతే, 500కి మూడో వంతు. కెనన్ అయితే సెన్సర్ 22.3, మిగతా లెక్క ఇదే.

ఈ లెక్క చూశాక నాకు ఒక్కటి తేలిపోయింది. నా డబ్బు లెన్స్‌కి పోవాలి, బాడీకి కాదు. మొత్తం లక్ష దాటకూడదని మా ఆయనా నేనూ అనుకున్నాం. కొత్త బాడీ కొంటే పొడవాటి లెన్స్‌కి మిగలదు. అందుకని రెండూ సెకండ్ హ్యాండే.

ఇక్కడ మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని కొత్తరకం కెమెరా) ఎందుకు కాదు అని చాలామంది అడుగుతారు. కొత్తది కొనగలిగిన వాళ్లు అదే కొనుక్కోండి, ఫోకస్ పిట్ట కన్నుని తనంతట తానే పట్టుకుంటుంది, నేను కాదనను. కానీ 2020 తర్వాత కెనన్, నికాన్ రెండూ కొత్త డీఎస్ఎల్ఆర్ మోడళ్లు తీసుకురాలేదు, చాలామంది పాతవి అమ్మేసి మిర్రర్‌లెస్‌కి మారుతున్నారు, దాంతో ఒకప్పుడు నాలాంటి వాళ్లకి అందని లెన్సులు ఇప్పుడు అందే ధరకి వస్తున్నాయి. ఇంకోటి బ్యాటరీ. పొద్దున్న ఐదింటికి బయల్దేరి మధ్యాహ్నం దాకా పడవలో ఉన్నా డీఎస్ఎల్ఆర్‌కి ఒక్క బ్యాటరీ సరిపోతుంది.

అయితే మధ్యలో ఒక పెద్ద తప్పు జరిగింది. మార్చిలో డి90కి పెట్టుకుందామని ఆన్‌లైన్లో ఒకరి దగ్గర పాత 70-300 కొన్నాను, తొమ్మిదిన్నర వేలకి. ఫోటోల్లో తళతళలాడుతోంది. పార్సిల్ వచ్చాక నేను పైపైన చూసి సంతోషపడి, ఏప్రిల్ మొదట్లో భేట్‌నోయి వెళ్లాను. అక్కడి ఊళ్లవాళ్లు కృష్ణజింకలు తిరిగితే వానలు బాగా పడతాయని నమ్ముతారు, పొలంలో పైరు తిన్నా తరమరు. జింకలు ధైర్యంగా తిరుగుతుంటాయి. అన్నీ కుదిరాయి, ఫోటోలు మాత్రం అన్నీ మసక. పదకొండింటికి తీశాను కాబట్టి ఎండ వేడికి నేల మీద గాలి మరిగి అలా వచ్చిందనుకున్నాను. అది నిజమే, వేసవిలో పది దాటాక దూరంగా ఉన్నదాన్ని ఏ లెన్స్ తీసినా అంచులు అలలు అలలుగా వణుకుతాయి. కానీ పొద్దున్న ఆరున్నరకి తీసినవి కూడా పాలు కలిపినట్టు తెల్లగా ఎందుకున్నాయి? ఆ ప్రశ్న నాకు తట్టేసరికి పది రోజులు అయిపోయింది. ఒక రాత్రి లైట్లు ఆర్పి, లెన్స్ వెనక నుంచి టార్చ్ వేసి ముందు నుంచి చూస్తే లోపలి అద్దం మీద సాలెపురుగు దారాల్లాంటివి. ఫంగస్. అమ్మినతను వారం లోపే వాపసు అని రాశాడు, తర్వాత ఫోన్ ఎత్తలేదు. భువనేశ్వర్‌లో రిపేరు చేసేవాళ్లకి చూపిస్తే శుభ్రం చేయగలం కానీ అద్దం పూతని అది తినేసింది, మచ్చ పోదు అన్నారు. చాలా ఏడుపొచ్చింది. డబ్బు కంటే, ఆ పొద్దున్న జింకల గుంపు మళ్లీ అలా ఎదురుగా రాదు కదా అని.

అందుకే మీరు పాత లెన్స్ కొంటే దయచేసి టార్చ్ పరీక్ష మర్చిపోకండి. అద్దాల మీద ఒకటి రెండు ధూళి రేణువులు ఉంటే ఫోటోలో తెలియదు, భయం లేదు. దారాలు, వేళ్లు పాకినట్టు ఉంటే మాత్రం ఎంత తక్కువకి ఇచ్చినా వద్దు. మన సముద్రపు ఒడ్డు ఊళ్లలో జూన్ నుంచి అక్టోబరు దాకా గోడలే చెమ్మగిల్లుతాయి, లెన్స్ ఒక లెక్కా?

వేసవి, వానాకాలం అంతా డి90తోనే నేర్చుకున్నాను. షట్టర్ స్పీడ్ (సెన్సర్ మీద వెలుగు పడే సమయం) అంటే ఏంటి, ఐఎస్ఓ (వెలుగుకి కెమెరా స్పందించే స్థాయి) పెంచితే ఏమవుతుంది, తెల్లకొంగని మామూలుగా తీస్తే ఈకలన్నీ సున్నం కొట్టినట్టు ఎందుకవుతాయి (నల్లటి నీళ్ల ముందు కొంగ ఉంటే కెమెరా ఆ నలుపు చూసి వెలుగు పెంచేస్తుంది, మనం ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్, అంటే కెమెరా పెట్టిన వెలుగుని మనం మార్చే అంకె, ఒకటి దాకా తగ్గించాలి). మేడ మీద కాకుల్ని ఎగురుతుండగా తీయడం సాధన చేశాను, సెకనులో 1600వ వంతు దగ్గర రెక్కలు స్పష్టంగా వస్తున్నాయని అక్కడే తెలిసింది.

నవంబరులో పిట్టలు తిరిగొచ్చాక, కొనకముందు ఒకసారి అద్దెకి తెచ్చుకున్నాను. ఇది నేను చేసిన అన్ని పనుల్లోకీ మంచి పని. భువనేశ్వర్‌లో ఆధార్, కొంత డిపాజిట్ ఇస్తే రెండు రోజులకి నికాన్ డి7500, దానితో 200-500 లెన్స్ ఇచ్చారు. డి90 మీదే పెట్టుకుందామంటే కుదరదు, ఈ లెన్స్‌లో అపర్చర్ (వెలుగు లోపలికొచ్చే రంధ్రం) కరెంటు మీద నడుస్తుంది, అంత పాత బాడీ దాన్ని మార్చలేదు. పాత బాడీకి కొత్త లెన్స్ కొనే ముందు ఇలాంటివి కంపెనీ ఇచ్చిన జాబితాలో చూసుకోవాలి.

మంగళాజోడి చిల్కా ఉత్తరం ఒడ్డున, ఖుర్దా జిల్లాలో టాంగీ దగ్గర ఉంటుంది. ఒకప్పుడు ఇక్కడ పిట్టల్ని వేటాడినవాళ్లే ఇప్పుడు పడవ నడుపుతూ పిట్టల్ని చూపిస్తారు. అడుగు బల్లపరుపుగా ఉండే చెక్క పడవ, వెదురు గడతో నెడతారు, మోటారు చప్పుడు ఉండదు కాబట్టి పిట్టలు లేవవు. మా పడవ నడిపినాయన నా లెన్స్ చూసి "అపా (అక్కా), దీన్ని ఎత్తి పట్టుకోకండి, పడవ అంచున ఆన్చండి" అని ఒడియాలో చెప్పారు. ఆయన మాటే నిజమైంది. ఒక్క లెన్సే 2300 గ్రాములు, బాడీతో కలిపి మూడు కేజీలు, పావుగంట ఎత్తి పట్టుకుంటే చేతులు వణికాయి. అంచున తువ్వాలు మడత పెట్టి ఆన్చి, నేను కిందకి జారి కూర్చున్నాను. కెమెరా నీటి మట్టానికి దగ్గరగా వచ్చింది, పిట్ట వెనకాల గడ్డి అంతా మెత్తగా కరిగిపోయింది. నల్లతోక గాడ్విట్ అనే పొడుగు ముక్కు పిట్ట ఒకటి ముక్కు బురదలోంచి తీసి నా వైపు తిరిగింది. కంట్లో వెలుగు చుక్క కనిపించింది. నేను తీయడం కూడా ఆపేసి చూస్తూ కూర్చుండిపోయాను.

సిగ్మా, టామ్రాన్ వాళ్ల 150-600లు కూడా ఆలోచించాను. సిగ్మా కాంటెంపరరీ 1930 గ్రాములే, అందుబాటూ ఎక్కువ. కానీ చివరన ఎఫ్ 6.3కి వెళ్తాయి (ఎఫ్ అంకె పెరిగితే అపర్చర్ చిన్నదై వెలుగు తగ్గుతుంది), 200-500 మొత్తం ఎఫ్ 5.6 దగ్గరే ఉంటుంది. నేను తీసేది ఎక్కువగా తెల్లవారుజామున కాబట్టి ఆ కాస్త వెలుగు నాకు ముఖ్యం అనిపించింది. నడిచి తిరిగేవాళ్లు, కొండలెక్కేవాళ్లు బరువుకే ఓటు వేయాలి.

డిసెంబరులో విశాఖలో ఒకాయన దగ్గర డి7200 బాడీ 31 వేలకి, వారం తర్వాత భువనేశ్వర్‌లో ఇంకొకరి దగ్గర 200-500 లెన్స్ 63 వేలకి తీసుకున్నాను. డి7200 ఎందుకంటే ఫోకస్ పాయింట్లు (ఫోటోలో ఫోకస్ పట్టగల చోట్లు) 51, కార్డులు రెండు పడతాయి, లెన్స్ ఫోకస్ ముందుకో వెనక్కో జరిగితే బాడీలోనే సరిచేసుకోవచ్చు. చిన్న బాడీల్లో ఇది ఉండదు. అన్నయ్యని వెంటబెట్టుకుని వెళ్లాను. కెమెరాతో ఒక ఫోటో తీసి, ఆ ఫైలు వివరాల్లో షట్టర్ ఎన్నిసార్లు పడిందో చూశాం, 41 వేల చిల్లర, ఆ బాడీ షట్టర్‌ని లక్షా యాభై వేలకి పరీక్షించి ఇస్తారు. అపర్చర్ ఎఫ్ 16 పెట్టి ఖాళీ ఆకాశాన్ని తీస్తే సెన్సర్ మీద ధూళి చుక్కలు కనపడతాయి, చూశాం, మూడే ఉన్నాయి. రెండు స్లాట్లలోనూ కార్డులు పెట్టి చూశాం. లెన్స్‌కి టార్చ్ నేనే వేశాను, నాలుగు సార్లు. తర్వాత వీధి చివర షాపు బోర్డు మీద అక్షరాలు 500 దగ్గర, అపర్చర్ పూర్తిగా తెరిచి తీసి ల్యాప్‌టాప్‌లో పెద్దది చేసి చూశాం. అమ్మే ఆయన విసుక్కోలేదు, "ఇంత చూసుకునేవాళ్లకే ఇవ్వాలమ్మా" అన్నారు.

మిగిలిన డబ్బుతో గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బా, సిలికా జెల్, తేమ చూపించే చిన్న మీటరు కొన్నాను. తేమ 40, 50 శాతం మధ్య ఉండేలా చూసుకుంటాను, జెల్ రంగు మారితే మూకుట్లో సన్నసెగ మీద వేడిచేసి మళ్లీ వాడతాను. అమ్మ పాత జీన్స్ ప్యాంటుతో ఒక సంచి కుట్టింది, అందులో బియ్యం పోసి పడవ అంచున, కారు కిటికీ మీద వేసుకుంటాను. గోపాల్‌పూర్ గానీ రంభ గానీ వెళ్లొస్తే ఆ రాత్రే తడిబట్టతో, తర్వాత పొడిబట్టతో బయటంతా తుడుస్తాను, ఉప్పు గాలి ఊరుకోదు.

ఒక్క చోట మాత్రం ఈ లెన్స్ తీసుకెళ్లను. రుషికుల్య దగ్గర తాబేళ్లు గుడ్లు పెట్టేది ఎక్కువగా రాత్రి, అక్కడ ఫ్లాష్ గానీ టార్చ్ గానీ వేస్తే అవి బెదిరి వెనక్కి పోతాయి. అటవీశాఖ వాళ్లు నిలబెట్టిన చోట నిలబడి కళ్లతో చూసి రావడమే. ఇంకా చీకటిగా ఉండగా ఫోటో కోసం ఎవరైనా ఫోన్ లైటు వేస్తే నేను వద్దని చెప్తాను, గొడవైనా సరే.

మొన్న జనవరిలో మళ్లీ మంగళాజోడి వెళ్లాను. సూదితోక మగ బాతు ఒకటి పద్దెనిమిది ఇరవై మీటర్ల దూరంలో ఈదుతూ వచ్చింది. దాన్ని 12 బై 18 అంగుళాల ప్రింటు వేయించి నాన్నకి ఇచ్చాను. ఆయన కళ్లజోడు తీసేసి, ఫోటోని కిటికీ వైపు తిప్పి, "ముక్కు పక్కన బూడిదరంగు గీత ఉందే, అది నిజంగా ఉంటుందా, నీ కెమెరా వేసిందా?" అని అడిగారు. ఉంటుంది నాన్నా అన్నాను. డి90 ఇప్పుడు మా అన్నయ్య పన్నెండేళ్ల కూతురి దగ్గర ఉంది. వచ్చే ఆదివారం ఇద్దరం కలిసి తేలినీలాపురం వెళ్తున్నాం, అక్కడ గూడబాతులు చెట్ల మీదే ఉంటాయి కాబట్టి ఆ 18-105తోనే చెట్టూ గూళ్లూ కలిపి తీయమని చెప్పాను.