ఐదుగురు కెమిస్టులతో ఫైనల్ ఫాంటసీ టాక్టిక్స్: రియోవేన్స్ కోట దాకా

ప్లేస్టేషన్‌లో 1997లో వచ్చిన, గళ్ల మీద వంతులవారీగా పోరాడే వీడియో గేమ్ ఫైనల్ ఫాంటసీ టాక్టిక్స్‌ను 2007లో పీఎస్పీ కోసం ‘ద వార్ ఆఫ్ ద లయన్స్’ పేరుతో మళ్లీ విడుదల చేశారు. దాని ఫోన్ రూపాన్ని నేను కావలి నుంచి నెల్లూరుకు ఉద్యోగానికి వెళ్లివచ్చే రైల్లో ఆడుతున్నాను. ఇంతకుముందు మామూలు పద్ధతిలో పూర్తిచేసిన ఆటే కాబట్టి ఈసారి కొన్ని నియమాలు పెట్టుకున్నాను. కథానాయకుడు రామ్‌జాతో సహా యుద్ధంలోకి దిగే ప్రతి ఒక్కరూ కెమిస్టుగానే (మందులు వాడేవాడిగానే) ఉండాలి, వేరే జాబ్‌లో, అంటే వృత్తిలో, నేర్చిన నైపుణ్యం ఏదీ వాడకూడదు. కథలో చేరే ప్రత్యేక పాత్రలను దళంలోకి తీసుకోకూడదు. అతిథులుగా వచ్చి తమంతట తాము పోరాడేవారు మాత్రం మినహాయింపు, ఎందుకంటే వాళ్లను ఆపడం మన చేతిలో ఉండదు. లెవెళ్ల కోసం దారిలో అనుకోకుండా తగిలే యుద్ధాలను వెతుక్కుంటూ తిరగకూడదు.

కెమిస్టును ఎంచుకోవడానికి కారణం ఉంది. ఈ ఆటలో మంత్రం వేసేవాడు మంత్రం పండేదాకా వేచి ఉండాలి, పైగా అది తగలకపోవచ్చు కూడా. మందు అలా కాదు. వాడిన క్షణంలోనే పనిచేస్తుంది, గురి తప్పదు. కెమిస్టు దాన్ని నాలుగు గళ్ల దూరం నుంచి విసరగలడు. అందుకు బదులుగా మనం ఇవ్వవలసింది గిల్, అంటే డబ్బు. ఈ నియమాల కింద ఆట కష్టమంతా కత్తి బలం నుంచి అంగడి లెక్కల్లోకి మారుతుందని నా అంచనా, ఇప్పటివరకు ఆడినదంతా దాన్ని బలపరుస్తూనే ఉంది.

మొదటి అధ్యాయమే అన్నిటికన్నా గడ్డుది. తుపాకులు ఇంకా అమ్మకానికి రావు, చిన్న కత్తులే దిక్కు, కెమిస్టుల ప్రాణశక్తి చూస్తే తక్కువ. డోర్టర్ నగర యుద్ధంలో ముగ్గురు విలుకాళ్లు, ఇద్దరు నల్ల మాంత్రికులు, ఒక నైట్ (కవచం తొడిగిన యోధుడు) ఎదురవుతారు. మిద్దెల మీదున్న విలుకాళ్ల వైపు పరుగెత్తకుండా దిగిన చోటే గోడల పక్కన ఒదిగి ఉండి, ముందుకు వచ్చిన నైట్‌ను అందరూ కలిసి పడగొట్టాను. తర్వాత మాంత్రికుల వంతు. మంత్రం పండేలోపు మాంత్రికుణ్ణి చంపితే ఆ మంత్రం ఆగుతుంది, గాయపరిస్తే ఆగదు కాబట్టి, రెండు దెబ్బలు వేయగలిగినప్పుడే వాళ్ల మీదికి వెళ్లడం మేలు.

ఈ యుద్ధంలో, పడిపోయినవాణ్ణి లేపే మందు ఫీనిక్స్ డౌన్ వాడకాన్ని కొంచెం వివరంగా చెప్పాలి. పడిపోయినవాడి తలపై 3 అంకె కనిపిస్తుంది. అతని వంతు వచ్చినప్పుడల్లా ఒకటి తగ్గి, చివరకు అతను శాశ్వతంగా పోతాడు. అయినా వెంటనే లేపకూడదు. 300 గిల్ పెట్టి కొన్న ఫీనిక్స్ డౌన్‌తో లేచినవాడికి అతి తక్కువ ప్రాణశక్తి ఉంటుంది, తర్వాతి వంతు శత్రువుదైతే వెంటనే మళ్లీ పడతాడు. అందుకే ముందు వంతుల పట్టిక తెరిచి, లేపినవాడి వెనకే మన రెండో కెమిస్టు వంతు వస్తుందని చూసుకున్నాకే లేపుతున్నాను. మొదటివాడు లేపుతాడు, రెండోవాడు ప్రాణశక్తి నింపే పోషన్ విసురుతాడు. పడుగుపాడు దాటి పెన్నా వంతెన మీదికి రైలు వచ్చేసరికి ఎండ నేరుగా ఫోన్ మీద పడి పట్టికలో పేర్లు కనిపించవు. అలాంటప్పుడు తొందరపడి వంతు ముగించకుండా స్టేషన్ వచ్చేదాకా ఆగుతాను.

గూగ్ నగరంలో తుపాకులు దొరికాక దళం స్వరూపమే మారింది. తుపాకి దెబ్బకు మనిషి బలంతో సంబంధం లేదు, ఆయుధ శక్తిని దానితోనే హెచ్చవేసిన సంఖ్యే దెబ్బ. రొమాండన్ పిస్టల్ శక్తి 6 కాబట్టి 36, మిథ్రిల్ తుపాకి శక్తి 8 కాబట్టి 64. కాల్చినవాడి, తగిలినవాడి జన్మరాశుల పొంతనను బట్టి ఇది కొంత పెరగవచ్చు, తగ్గవచ్చు. ఎనిమిది గళ్ల దాకా తగులుతుంది కానీ, మూడు గళ్లకంటే దగ్గరున్నవాడిని కాల్చలేం, నడుమ మనిషో గోడో ఉంటే గుండు వాళ్లకే తగులుతుంది. లయనెల్ కోట తలుపు దగ్గర రామ్‌జా మిగతావాళ్లకు దూరంగా శత్రు యోధుడు గాఫ్‌గారియన్‌కు ఎదురుపడినప్పుడు ఈ మూడు గళ్ల ఎడం కాపాడుకోవడమే పెద్ద పనైంది. అతని కత్తి విద్య మన ప్రాణశక్తిని పీల్చి అతనికి కలుపుతుంది. తలుపు తెరుచుకుని మిగతా తుపాకులు కూడా పలికాకే అతను కుంగాడు.

ఇప్పుడు రియోవేన్స్ కోట ముందు ఉన్నాను. గేటు యుద్ధం గెలిచాక తిరిగి అంగడికి రావడానికి దారి ఉండదు, లోపల శత్రు యోధుడు వీగ్రాఫ్‌తో రామ్‌జా ఒక్కడే తలపడాలి. ఆధారమంతా 400 జేపీ (జాబ్ పాయింట్లు) పెట్టి నేర్చిన, తనంతట తానే మందు తాగించే ఆటో-పోషన్ నైపుణ్యం మీదే. దెబ్బ తిన్న ప్రతిసారీ ఆ పాత్ర ధైర్యాన్ని చూపే బ్రేవ్ అంకె ఎంతో అంత శాతం అవకాశంతో అది పనిచేస్తుంది. అయితే సంచిలో ఉన్నవాటిలో తక్కువ రకం మందునే ముందు తీస్తుంది, కాబట్టి 30 నింపే పోషన్లు, 70 నింపే హై-పోషన్లు అన్నీ వదిలించుకుని 150 నింపే ఎక్స్-పోషన్లు మాత్రమే ఉంచాలి. ఒక్కొక్కటి 700 గిల్. ఇదే ఆట ఆడిన ఒంగోలు బావమరిది ఫోన్‌లో, “సంచి అందరికీ ఒక్కటే గదా బావా, గీటు పడినోడికి కూడా ఏడు వందల మందే పోస్తే డబ్బులేడ నుంచి తెస్తావు?” అన్నాడు. అతను అడిగింది న్యాయమే. అందుకని ఆటో-పోషన్‌ను రామ్‌జాకు మాత్రమే ఉంచి, మిగతా నలుగురికీ తీసేశాను.

వీగ్రాఫ్ బెలియాస్ అనే రాక్షసుడిగా మారాక మిగతా దళం వచ్చి చేరుతుంది గనుక ఆ ఘట్టంపై అంత బెంగ లేదు. కోట పైకప్పు మీది యుద్ధం వేరు. అక్కడ అతిథిగా వచ్చే రాఫా చనిపోకూడదు, ఆమె మన మాట వినదు. ముగ్గురు శత్రువుల్లో ఒక్కరిని ప్రాణాపాయ స్థితికి తెస్తే యుద్ధం ముగుస్తుంది కాబట్టి, అందరి గురినీ ఒకే మనిషిపై పెట్టి, వేగం పెంచే టోపీలు తొడిగి, వాళ్లకంటే ముందుగా వంతు అందుకోవాలని నా ఆలోచన. ప్రస్తుతం గిల్ చాలక అదనపు మనుషులను మద్యశాల పనులకు పంపి ఉన్నాను. వాళ్లు డబ్బుతో తిరిగి రాగానే ఎక్స్-పోషన్లు కొని, కోట బయటి సేవ్‌ను అలాగే ఉంచి, లోపలి సేవ్‌కు వేరే స్లాటు కేటాయించి గేటు యుద్ధం మొదలుపెడతాను.