బల్లార్షాలో జోవా పగడాలు పెంచిన నా అనుభవం

మాది బల్లార్షా. ఉండేది మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లాలోనే అయినా, రైలెక్కితే కాసేపట్లో తెలంగాణలో ఉంటాం. బొగ్గు గనుల్లోనో కాగితం మిల్లులోనో పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయిన తెలుగు కుటుంబాలు మా వాడ నిండా ఉన్నాయి. ఏ దిక్కు చూసినా సముద్రం వందల కిలోమీటర్ల దూరం, మే నెలలో ఎండ 45 డిగ్రీలు దాటడం మామూలే. ఈ ఊళ్లో రీఫ్ ట్యాంకు, అంటే పగడాలు పెంచే ఉప్పునీటి తొట్టి, పెట్టి జోవాంథిడ్లు (ముద్దుగా జోవాలు) పెంచుతున్నానంటే ఎవరైనా ముందు అడిగేది "బతుకుతాయా?" అనే. బతుకుతున్నాయి, పిల్లలు కూడా పెడుతున్నాయి. ఎండాకాలం కొనదలచినవాళ్లకు పనికొస్తుందని ఇది రాస్తున్నా.

జోవాలు సీ ఎనిమోన్లనే పువ్వులాంటి సముద్ర జీవులకు దగ్గరి చుట్టాలు. ఒక్కో పాలిప్, అంటే గుంపులోని ఒక్కో జీవి, చిటికెన వేలి గోరంత ఉంటుంది. నడుమ సన్నటి గీతలాంటి నోరు, చుట్టూ కుచ్చుల్లా స్పర్శకాలు. పలుచని తోలు లాంటి చాప ఒకటి రాతిని పట్టుకుని పాకుతుంది, పాలిప్‌లన్నీ దాని మీంచే లేస్తాయి. ఒంట్లో ఉండే జూజాంథెల్లే అనే కంటికి కనబడని నాచు వెలుతురు తీసుకుని వీటికి తిండి తయారుచేస్తుంది. రాతి అస్థిపంజరం కట్టవు కాబట్టి క్యాల్షియం పెద్దగా వాడుకోవు. రోజూ మందులు కలిపే బెడద అలా తప్పింది, వారానికి పదో వంతు నీళ్లు మారిస్తే నాకు సరిపోతోంది.

కొనేముందు చట్టం సంగతి తెలుసుకోవాలి. రీఫ్ (సముద్రంలోని పగడపు దిబ్బ) కట్టే రాతి పగడాలు, విసనకర్రలా ఉండే సీ ఫ్యాన్ పగడాలు 1972 నాటి మన వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణలో ఉన్నాయి. జోవాలు రాతి పగడాల తెగకు చెందవు. అయినా ఎక్కడివని అడిగాను. ఇంకొకరి ట్యాంకులో పెరిగి, కోసి ఇచ్చిన ముక్కలే కావాలన్నాను. సముద్రం నుంచి తెచ్చిన పగడపు రాయి నాకు వద్దు, సిరామిక్ రాయి పెట్టాను. పగడాలంటే ప్రాణం పెట్టేవాడు రీఫ్‌ను తవ్వించి ఇల్లు అలంకరించుకోకూడదని నా అభిప్రాయం.

ట్యాంకు 200 లీటర్లది, అడుగున ఇసుక లేదు. మా బోరు నీళ్లు టీడీఎస్ మీటరు (నీళ్లలో కరిగిన లవణాలు కొలిచేది) పెడితే ఆరు వందలు చూపిస్తాయి. వాటిని నేరుగా వాడితే నాచు తప్ప ఇంకేమీ పెరగదు. ఆర్వోకి వెనక, మిగిలిన లవణాలను కూడా పట్టేసే డీఐ రెసిన్ గొట్టం కలిపి, మీటరులో సున్నా వచ్చాకే సముద్రపు ఉప్పు కలుపుతాను. ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటరులో సాంద్రత 1.025, 1.026 మధ్య ఉండాలి, అంటే వెయ్యికి 35 పాళ్ల ఉప్పదనం. తర్వాత నీళ్లు పండాలి. చేపల మలినాల నుంచి వచ్చే అమోనియాను నైట్రైటుగా, నైట్రైటును నైట్రేటుగా మార్చే బ్యాక్టీరియా కుదురుకోవడానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అమోనియా, నైట్రైటు రెండూ సున్నాకి వచ్చాక క్లౌన్ చేపల జంటను, చాలా రోజులు ఆగి జోవాలను వేశాను.

జోవాలు చెన్నై నుంచి రైల్లో వచ్చాయి. బల్లార్షా పెద్ద జంక్షన్ కావడం వల్ల మాకున్న సుఖం అది. పెట్టె విప్పేసరికి అన్నీ ముడుచుకుని మట్టి బొత్తాల్లా ఉన్నాయి. భయపడక్కర్లేదు, ప్రయాణం చేసిన జోవా అలాగే ఉంటుంది. సంచిని నీళ్ల మీద తేలేసి వేడి సమానమయ్యాక, పురుగులు పోయేలా అయోడిన్ డిప్ అనే మందునీళ్లలో ముంచాను. ఈ పని ఒక్కటీ ఎవరూ వదలొద్దు. జోవాలను మాత్రమే తినే న్యూడిబ్రాంక్ అనే సముద్రపు నత్త ఒకటుంది, దానికి చిప్ప ఉండదు. తిన్న పాలిప్ రంగే దానికి వస్తుంది కాబట్టి దాని మీద ఉన్నా కనబడదు. భూతద్దం పెట్టి చూస్తే ఒక ఫ్రాగ్ (కోసిన పగడపు ముక్క) కింద, కాండానికి పక్కన తెల్లటి చుట్ట కనిపించింది. దాని గుడ్లు! డిప్ గుడ్లను చంపదు. మెత్తటి పళ్ల బ్రష్‌తో గీకేసి, వేరే చిన్న తొట్టిలో ఉంచి, వారం తర్వాత మళ్లీ ముంచి చూశాను. ఏమీ లేదని తేలాకే పెద్ద ట్యాంకులోకి పోయాయి. నలుపు తెలుపు గళ్ల చిప్ప ఉన్న సన్‌డయల్ నత్త కూడా ఇలాంటిదే, రాత్రిపూట టార్చి వేసి చూడాలి.

మొదట అన్నీ అడుగునే పెట్టాను, కాస్త కాస్త పైకి జరిపాను. వెలుతురు చాలకపోతే పాలిప్ కాండం సాగి పొడుగవుతుంది. ఎక్కువైతే విచ్చుకోదు, రంగు వెలిసిపోతుంది. ఏ రకానికి ఎక్కడ హాయో అది చెప్తూనే ఉంటుంది, మనం చూడాలి అంతే. నీలి ఎల్ఈడీ కింద వాటి ఒంట్లోని మెరిసే ప్రోటీన్లు వెలుగుతాయి. ఆ ప్రోటీన్లను జోవాంథస్ పగడాల్లో గుర్తించిన పరిశోధన 1999లో అచ్చయింది. సైన్సువాళ్లకు కావలసిన వస్తువు మా ముందరి గదిలో వెలుగుతోందని తెలిసిన రోజు నాకెంత సంతోషమైందో చెప్పలేను.

ఇక ఎండాకాలం. మా దగ్గర అసలు కథంతా ఇక్కడే. నీళ్లు 24 నుంచి 26 డిగ్రీల్లో ఉంటే మంచిది. నీళ్లు చల్లబరిచే చిల్లర్ మిషను ఖరీదు నాకు అందదు. అయితే మా ఎండ పొడి ఎండ. నీటి మీదికి చిన్న ఫ్యాను తిప్పితే నీరు ఆవిరైపోతూ వేడిని పట్టుకుపోతుంది. సముద్రం ఒడ్డున ఉక్కపోతలో ఈ ఉపాయం ఇంత బాగా పనిచేయదు, మా ఎండే మాకు ఇక్కడ కలిసొచ్చింది. ఫ్యానుకు తోడు గదిలో కూలర్, కిటికీకి తడిపిన వట్టివేళ్ల తడక. ఈ మూడింటితో మే నెల మధ్యాహ్నం కూడా ట్యాంకు 28 దాటలేదు. జోవాలు అంతవరకు ఓర్చుకుంటాయి.

కానీ ఆవిరయ్యేది నీరు మాత్రమే, ఉప్పు లోపలే ఉండిపోతుంది. రోజుకు ఐదు లీటర్లు పోయిందనుకోండి, 200 లీటర్లలో 35 ఉన్న ఉప్పదనం దాదాపు 36 అవుతుంది. అలా నాలుగు రోజులు వదిలేస్తే పాలిప్‌లు మూసుకుంటాయి. అందుకే పక్కన మంచినీళ్ల డబ్బా, ఆర్వో మిషన్లలో వాడే ఫ్లోట్ వాల్వ్ బిగించాను. పోయినంత నీరు దానంతటదే దిగుతుంది. అందులో ఉప్పు కలపని డీఐ నీళ్లే పోయాలి. కరెంటు పోతే ఫ్యాను, నీళ్లను కదిలించే వేవ్‌మేకర్ రెండూ ఇన్వర్టరు మీద నడుస్తాయి, లైటు నడవకపోయినా పర్వాలేదు. పూటకు లైటు లేకుంటే జోవా చావదు, నీళ్లు కదలకుంటే చేపలకు ఊపిరాడదు.

నేను షిఫ్టులో ఉన్నప్పుడు ట్యాంకును చూసేది అమ్మ. ఒక మధ్యాహ్నం ఫోన్ చేసి, "బిడ్డా, గీ పువ్వులన్నీ ముడుసుకున్నయ్. ఫ్యాను తిరుగుతలేదు" అంది. ప్లగ్గు వదులైంది, ఆమే బిగించింది. సాయంత్రానికి అన్నీ విచ్చుకున్నాయి. థర్మామీటరు కంటే ముందు జోవాలే చెప్తాయని అమ్మ నమ్మకం, నేనూ ఒప్పుకుంటాను.

మరీ శుభ్రమైన నీళ్లు వీటికి పడవు. నైట్రేటు సున్నా చూపించిన నెలలో కొత్త పాలిప్ ఒక్కటీ రాలేదు, ఉన్నవి చిన్నబోయాయి. చేపలకు మేత కాస్త పెంచి, నీళ్లలోని మలినాన్ని నురగగా లాగే స్కిమ్మర్‌ను రాత్రిపూట ఆపాను. లీటరుకు నైట్రేటు 5 నుంచి 15, ఫాస్ఫేటు 0.05 మిల్లీగ్రాముల దగ్గర నిలబడ్డాక చాప అంచున బుడిపెలు వచ్చాయి. చూస్తుండగానే అవి నోళ్లు తెరిచాయి. ఆల్కలినిటీ (నీటి క్షారగుణం) 8 డీకేహెచ్ దగ్గర ఉంచుతాను, డీకేహెచ్ దాని కొలత. అంకె కొంచెం అటూ ఇటూ ఉన్నా నిలకడగా ఉంటే చాలు, రోజుకో తీరుగా మారితేనే అలిగి ముడుచుకుంటాయి.

ఒత్తి చెప్పాల్సిన మాట ఇంకొకటుంది. జోవాల్లో, ముఖ్యంగా వాటి బంధువు పాలిథోవాల్లో, పాలిటాక్సిన్ అనే విషం ఉండొచ్చు. హవాయిలో దొరికిన పాలిథోవా నుంచి దాన్ని వేరుచేసిన సంగతి 1971లో ప్రకటించారు. ఒంట్లోని కణాల సోడియం పొటాషియం పంపును అది చెడగొడుతుంది. వేడికి తేలిగ్గా చావదు. జోవాలు ఉన్న రాయిని ఉడకబెట్టి, ఆ ఆవిరి పీల్చి ఇంటిల్లిపాదీ ఆసుపత్రి పాలైన కేసులున్నాయి. కంటితో చూసి ఏది విషం, ఏది కాదో తేల్చలేం కాబట్టి అన్నింటినీ విషమనే అనుకుంటాను. ఉడకబెట్టను, వేడి నీళ్లు పోయను, గాలికి ఆరబెట్టి గీకను. చేతికి గాయముంటే ట్యాంకులో పెట్టను. అమ్మకు కూడా మొదటి రోజే చెప్పాను: చూడు, ముట్టుకోకు.

ముక్కలు చేసేటప్పుడు గ్లౌజులు, కళ్లద్దాలు, మాస్కు పెట్టుకుని, కిటికీలు తీసి, ట్రేలో ఉప్పునీళ్లు పోసి నీటి కిందే కోస్తాను. పిండితే చిమ్ముతాయి, అదే ప్రమాదం. పాలిప్‌ల మధ్య చాపను సర్జికల్ బ్లేడుతో కోసి, అడుగును తుడిచి, సూపర్ గ్లూ జెల్‌తో ఫ్రాగ్ ప్లగ్ అనే చిన్న దిమ్మ మీద అంటిస్తాను. ట్రే నీళ్లు ట్యాంకులోకి పోనివ్వను. కోసినవి కొన్నాళ్లు ముడుచుకునే ఉంటాయి, వాటి జోలికి వెళ్లొద్దు. ఇప్పుడు నాగ్‌పూర్‌లో ఒక అన్నకూ, కాగజ్‌నగర్‌లో మా మేనబావకూ ముక్కలు ఇచ్చాను. సంచిలో మూడో వంతు నీళ్లు, మిగతా గాలి, పైన థర్మాకోల్ డబ్బా, చీకటి పడ్డాక పోయే రైలు. బావకు నేను పెట్టిన షరతు ఒకటే: ముందు టీడీఎస్ మీటరు, రిఫ్రాక్టోమీటరు కొని చూపిస్తేనే జోవా.