అంగుళానికి ఒక నెల

తిరుపతి కొర్లగుంటలో జాకెట్లు కుట్టుకునే నాకు, 2024 చివర్లో మంచాన పడేదాకా గులియన్ బారీ సిండ్రోమ్ అనే పేరే తెలీదు. వార్డులో అందరూ జీబీఎస్ అనేవాళ్లు. మా వీధిలో మాత్రం ఇప్పటికీ పక్షవాతం అనే అంటారు. పక్షవాతం, అంటే స్ట్రోక్, మెదడుకు వచ్చే జబ్బు. నాది మెదడు, వెన్నుపాము దాటి బయటికొచ్చాక కాళ్లూ చేతులకు పోయే నరాలకు వచ్చింది. ఈ తేడా మనతో ఎక్సర్‌సైజులు చేయించేవాళ్లకు తెలియకపోతే ఏమవుతుందో నేను పడ్డాను కాబట్టి రాస్తున్నా.

ముందు విరేచనాలు పట్టుకున్నాయి. అవి తగ్గి వారం పది రోజులయ్యాక అరికాళ్లలో తిమ్మిరి మొదలైంది. మిషన్ పెడల్ మీద కాలు పెడితే దూది మీద పెట్టినట్టుండేది. నడుస్తుంటే హవాయి చెప్పు జారిపోయేది. జారిన సంగతి వెనకాల వచ్చే మా పాప అరిచి చెబితేగానీ తెలిసేది కాదు. దగ్గర్లో ఒక క్లినిక్‌కి పోతే టెన్షన్ వల్ల అన్నారు, బీ12 ఇంజెక్షన్ వేసి పంపించారు. రెండ్రోజులకి బాత్‌రూమ్‌లో కూర్చున్నదాన్ని కూర్చున్నట్టే ఉండిపోయా, లేవలేకపోయా. మా ఆయన ఎత్తుకొచ్చి ఆటోలో పడుకోబెట్టి స్విమ్స్‌కి తీసుకెళ్లాడు.

అక్కడ డాక్టరు చిన్న సుత్తితో మోకాలి కింద కొట్టాడు. కాలు ఎగరలేదు. మడమ వెనక కొట్టినా అంతే. బలహీనత కింద నుంచి పైకి పాకుతూ, సుత్తి దెబ్బకి కాలు ఎగరకపోతే వాళ్లకి ముందు ఈ జబ్బే గుర్తొస్తుందట. నరాలకు కరెంటు పెట్టి చూసే పరీక్ష, నడుములో సూది గుచ్చి నీళ్లు తీయడం ఆ తర్వాత జరిగాయి. విరేచనాలు తెచ్చిన క్రిమిని చంపడానికి ఒంట్లో తయారైన యాంటీబాడీలు, నరాల మీదుండే పొరను కూడా క్రిమే అనుకుని తినేస్తాయని చెప్పారు.

నేను కాళ్ల గురించి ఏడుస్తుంటే వాళ్లు ఊపిరి గురించి చూసుకునేవాళ్లు. నర్సమ్మ వచ్చినప్పుడల్లా “ఒక్క గుక్కలో అంకెలు లెక్కపెట్టమ్మా” అనేది. ఊపిరి తీసే కండరాలు ఎంత బలంగా ఉన్నాయో దాంట్లో తెలుస్తుందట. ముప్పై దాకా పోయేదాన్ని, ఒక రాత్రి పదహారు దగ్గర ఆగిపోయా. వెంటనే ఐసీయూకి మార్చారు. ఈ జబ్బులో పదిమందిలో ఇద్దరు ముగ్గురికి వెంటిలేటర్ అవసరం పడుతుంది, నాకు అంతదాకా రాలేదు. ఐవీఐజీ అనే మందు రోజుకి కిలో బరువుకు 0.4 గ్రాముల లెక్కన అయిదు రోజులు ఎక్కించారు. వేలమంది ఇచ్చిన ప్లాస్మాలోంచి తీస్తారట, అందుకే అంత ఖరీదు. ఆరోగ్యశ్రీ లేకుంటే మిషన్‌తో పాటు మెళ్లో గొలుసు కూడా పోయేది. ఆ మందు జబ్బు ముదరకుండా చూస్తుందిగానీ అప్పటికే దెబ్బతిన్న నరాన్ని బాగు చేయదు. అది దానంతటదే బాగుపడాలి.

మంచం మీద గడిపిన కాలం గురించి పెద్దగా చెప్పేదేం లేదు. రెండు గంటలకోసారి పక్క మార్చేవాళ్లు. పాదాల మీద దుప్పటి తగిలితే మంట. మొదటిసారి లేపి కూర్చోబెట్టినప్పుడు బీపీ పడిపోయి కళ్లు తిరిగాయి.

ఇంటికొచ్చాకే అసలు తిప్పలు. ఒకాయన ఇంటికొచ్చి ఎక్సర్‌సైజులు చేయించేవాడు. నొప్పి పుడితేనే బలం వస్తుందని కాళ్లకి ఇసుక మూటలు కట్టి ఎత్తించేవాడు. ఆ రోజు ఎత్తేదాన్నే. మర్నాడు కాఫీ గ్లాసు కూడా పట్టుకోలేకపోయేదాన్ని. అలసటగా ఉందంటే మా అత్త ఊరుకునేది కాదు. “పడుకుంటే నరాలు పట్టుకుపోతాయి, లేచి తిరుగు” అనేది. ప్రేమతోనే అనేది, అదే చిక్కు.

తర్వాత చూపించుకోవడానికి పోయినప్పుడు ఒక ఫిజియోథెరపిస్టమ్మాయి నా ఒంట్లో కండరాలన్నిటికీ సున్నా నుంచి అయిదు దాకా మార్కులు వేసింది. తొడకి మూడు, పాదం పైకెత్తడానికి ఒకటి. బరువు లేకుండా కాలు తనంతట తాను పైకి లేస్తే మూడు. “మూడుకి తక్కువున్నదానికి బరువు కట్టకూడదక్కా. స్ట్రోక్ అయితే ఎన్నిసార్లు చేయిస్తే అంత మంచిది, మెదడు మళ్లీ నేర్చుకోవాలి. మీకు నరమే ఇంకా కట్టుకోలేదు. మిగిలిన కొంచెం నరాలతో బండెడు పని చేయిస్తే ఉన్న బలమూ పోతుంది” అంది. మర్నాటికి కూడా నొప్పి, నీరసం తగ్గకపోతే ముందురోజు ఎక్కువ చేసినట్టే లెక్క. నాకు కొంచెం చేసి ఆగడం, మళ్లీ కొంచెం చేయడం రాసిచ్చింది. అలసట ఈ జబ్బులో భాగమనీ, కొందరికి ఏళ్ల తరబడి ఉంటుందనీ ఆ అమ్మాయి మా అత్త ఎదుటే చెప్పింది. ఆ మాట మందు కంటే బాగా పనిచేసింది.

మరి పాదం ఎప్పుడు లేస్తుందని అడిగా. పై పొర మాత్రమే పోయిన చోట వారాల్లో, నెలల్లో కట్టుకుంటుందట. లోపలి పోగు కూడా దెబ్బతిన్న చోట అది రోజుకి దాదాపు ఒక మిల్లీమీటరు పెరుగుతుందట. అంటే నెలకి ఒక అంగుళం. ఇంటికొచ్చి టేపు తీసి మోకాలి నుంచి పాదం మీదికి కొలిచా. పదిహేను అంగుళాలు. కచ్చితమైన లెక్కేం కాదని ఆ అమ్మాయి నవ్విందిగానీ, నాకు మాత్రం ఆ టేపే ధైర్యం. అందరూ “త్వరలో బాగవుతుంది” అనడమే తప్ప ఎన్నాళ్లో చెప్పినవాళ్లు లేరు. నెలకి అంగుళం అంటే ఓపిక పట్టొచ్చు.

పాదం వేలాడకుండా బర్డ్ ఆసుపత్రిలో పిక్కకి అచ్చు తీసి ప్లాస్టిక్ పట్టీ చేయించుకున్నా. అరికాలి కింద నుంచి పిక్క వెనకదాకా ఉంటుంది. దాని మీద హవాయి చెప్పు కుదరదు, బూటు వేసుకోవాలి. చీర మీద మగాళ్ల బూటేందని వీధిలో ఒకటే నవ్వు.

2025 జనవరిలో పుణెలో ఈ కేసులు ఎక్కువగా వచ్చాయని టీవీలో చెప్పినప్పుడు మాత్రం ఎవరూ నవ్వలేదు, కొన్నాళ్లు జాకెట్లు ఇవ్వడానికి కూడా రాలేదు. ఇది అంటుకునే జబ్బు కాదని గేటు దగ్గరే నిలబడి చెప్పాల్సొచ్చింది. వికలాంగుల పెన్షన్ ఆరువేలైంది కదా, పెట్టుకోమన్నవాళ్లూ ఉన్నారు. సదరం సర్టిఫికెట్‌లో నలభై శాతం రావాలి. ఇంకా కోలుకుంటున్న జబ్బుకి ఇప్పుడే శాతం తేల్చలేం, బలం ఒక చోట నిలబడ్డాక రండి అన్నారు డాక్టరుగారు. సబబే అనిపించింది.

అమ్మ మాత్రం నేను అలిపిరి మెట్లెక్కి వస్తానని స్వామికి మొక్కేసింది. 3,550 మెట్లు! ఫిజియో అమ్మాయిని అడిగితే ముందు మీ ఇంటి మెట్లు చూద్దాం అంది. అమ్మ స్వామితో మాట్లాడుకుని గడువు పెంచుకుంది.

ఇప్పుడు ఒక జాకెట్ కుట్టి కాసేపు పడుకుంటా, తర్వాత ఇంకొకటి. హుక్కులు కుట్టే పని పాపకి అప్పజెప్పా, వేళ్లకి ఇంకా ఆ పట్టు రాలేదు. మొన్న ఎదురింటి వదిన వాళ్ల మామకి స్ట్రోక్ వచ్చిందని నా ఎక్సర్‌సైజుల కాగితం అడిగింది, జిరాక్స్ తీసుకుంటానంది. ఇవ్వలేదు. కోపమొచ్చినట్టుంది. ఆయన డిశ్చార్జి కాగితాలు తెమ్మని, సోమవారం నా చెకప్‌కి పోయేటప్పుడు ఆయన్నీ నా ఆటోలోనే తీసుకెళ్తానని చెప్పా.